ఏడో పేజీ

ఇంటి వేలం ఆగిపోయిందన్న కబురు వచ్చేసరికి జెనలిన్ చేతులు మణికట్ల దాకా బియ్యం కడిగిన నీళ్లలో ఉన్నాయి. ఆమె ఆ ఇంటికి కోడలై వచ్చి మూడు వారాలు. ఈ ఇంట్లో ఎసరు గిన్నెతో కొలవరు. బియ్యం మీద చూపుడువేలు నిలబెట్టి మొదటి కణుపు దాకా నీళ్లు పోస్తారు. తన కణుపూ అత్తగారి కణుపూ సరిగ్గా ఒకే ఎత్తున ఉన్నాయని ఆ సాయంత్రమే కనిపెట్టింది. ఆ సంగతి భర్త ఎల్మర్‌కి ఎప్పుడెప్పుడు చెబుదామా అని లోలోపల పొంగిపోతోంది. అంతలో హాల్లో ఫోను మోగింది. అత్తగారు ఫెలీసా "చెప్పు తమ్ముడూ" అంది. గోడకి వీపు ఆనించి మెల్లగా కిందికి జారి, తివాచీ మీద కూర్చుండిపోయింది.

జెనలిన్ చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తింది. అత్తగారి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి గానీ మొహం నవ్వుతోంది.

"ఆపేశారట" అంది ఫెలీసా. "వచ్చే మంగళవారం వేలం లేదట. బ్యాంకు వాళ్లు ఒప్పుకున్నారట."

ఆ యేడు, వాళ్లు వలస వచ్చి ఉంటున్న వలేహో పట్నంలో, వాళ్ల వీధిలోనే నాలుగిళ్ల ముందు అమ్మకం బోర్డులు పాతారు. వాళ్ల తలుపుకీ ఎవరో వచ్చి వేలం నోటీసు అంటించి పోయారు. దాన్ని పీకితే రంగు ఊడి, తలుపు మీద అరచేతి వెడల్పున తెల్ల మచ్చ పడింది. పెళ్లికి వచ్చేవాళ్లకి కనబడకుండా ఫెలీసా దాని మీద పూలదండ తగిలించింది. ఇప్పుడా దండ తీసేయొచ్చు అనుకుంది జెనలిన్. అత్తగారిని పట్టుకుని లేపబోయి, తడి చేతులు జారి, తానూ కింద కూలబడింది. ఇద్దరూ ఆ తివాచీ మీదే కూర్చుని చిన్నపిల్లల్లా నవ్వారు.

ఆ ఫోను చేసిన రూఫో అరగంటలో వచ్చాడు. అతనిదీ ఫెలీసా భర్త ఊరే. మొన్నమొన్నటిదాకా పాత కార్లు అమ్మేవాడు. ఈ రెండేళ్లుగా, ఇళ్లు వేలానికి వచ్చినవాళ్ల తరఫున బ్యాంకులతో మాట్లాడిపెడతానని ఒక ఆఫీసు తెరిచాడు. ఎల్మర్, జెనలిన్‌ల పెళ్లికి నినోంగ్‌గా నిలబడిందీ అతనే. అంటే చర్చిలో పెళ్లిపెద్దగా సాక్షి సంతకం పెట్టి, ఆ రోజు నుంచీ వాళ్ల కాపురానికి రెండో తండ్రి అయ్యాడు. జెనలిన్ వంగి అతని చేయి అందుకుని నుదుటికి ఆనించుకుంది. ఆ చేతికి సెంటు వాసన, కాస్త కాగితం వాసన.

అన్నం వడ్డిస్తానంటే తర్వాత అన్నాడు. ముందు శుభకార్యం అంటూ సంచీలోంచి కాగితాలు తీసి, బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డని చేత్తో తుడిచి పరిచాడు. మూడు నెలలుగా నోటిమాట మీద నడిచిందనీ, బ్యాంకు మెత్తబడింది కాబట్టి ఇప్పుడు తానే వీళ్ల మనిషినని రాతపూర్వకంగా కావాలనీ చెప్పాడు. ఎప్పటిలాగే నెలనెలా ఇంటి కిస్తీ బ్యాంకుకి కాక తనకే ఇవ్వాలి, తాను చేరవేస్తాడు. బ్యాంకు నుంచి ఉత్తరం వస్తే చింపకుండా తన దగ్గరికి తేవాలి. వాళ్లతో ఫోనులో ఒక్క ముక్క మాట్లాడినా మొత్తం చెడిపోతుంది. ఇదంతా తమ స్వదేశపు ఇలోకోస్ పల్లెటూరి యాసలో, మధ్యమధ్య ఊళ్లోవాళ్ల మీద జోకులు వేస్తూ చెప్పాడు. కాగితం మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లీషులోనే ఉంది.

జెనలిన్ ఒకసారి చదవొచ్చా అని అడిగింది.

రూఫో నవ్వాడు. "కోడల్ని వంటకి తెచ్చుకున్నావా అక్కా, పరీక్షలు పెట్టడానికి తెచ్చుకున్నావా?" అన్నాడు. తర్వాత జెనలిన్ వైపు తిరిగి మెత్తగా అన్నాడు. "మీ పెళ్లి కాగితం మీద నేను చదివి పెట్టానా తల్లీ సంతకం? మీ ఇద్దర్నీ చూసి పెట్టాను. మీరూ నన్ను చూసి పెట్టండి."

అందరూ నవ్వారు. జెనలిన్ కూడా నవ్వింది. ఇప్పుడే నుదుటికి ఆనించుకున్న చేతి ముందు కూర్చుని పేజీలు తిప్పడానికి ఆమెకి చేతులు రాలేదు. ఫెలీసా కళ్లజోడు పెట్టుకుంది. తాను పనిచేసే వృద్ధాశ్రమంలో మందుల పట్టీ నింపేటప్పటిలాగే నాలుక పంటి కింద పెట్టుకుని, నెమ్మదిగా, ఒక్క అక్షరమూ గీత దాటకుండా సంతకం చేసి తేదీ వేసింది. అది సోమవారం. రూఫో ఒక నకలు బల్ల మీద వదిలి, రెండుసార్లు అన్నం పెట్టించుకుని వెళ్లాడు.

ఫెర్రీలో పని ముగించుకుని వచ్చిన ఎల్మర్, తాళ్లు లాగి లాగి కాయలు కాసిన చేతులతో తల్లిని పట్టుకుని వంటింట్లో ఒక చుట్టు తిప్పాడు. కణుపుల సంగతి విని జెనలిన్ వేలు ముద్దుపెట్టుకున్నాడు. ఆ రోజు అన్నం కాస్త మెత్తబడినా ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు జెనలిన్ ఆ నకలుని పంటి డాక్టరు ఆఫీసుకి తీసుకెళ్లింది. అనుమానపడి కాదు. నినోంగ్ ముందు చదవలేకపోయినదాన్ని, ఆయన లేనప్పుడు మర్యాదగా చదవొచ్చు అనుకుంది. ఆ ఆఫీసులో ఆమె పని బీమా కంపెనీలకి బిల్లులు పంపడం. ఏ కట్టలో అయినా ఒక్క కాగితం తగ్గితే మొత్తం కట్ట వెనక్కి వస్తుంది. అందుకని ఏ కాగితాలు చేతికొచ్చినా ముందు అంచులు బల్లకి తట్టి, బొటనవేలితో లెక్కపెట్టడం అలవాటైపోయింది. భోజనాల వేళ అలాగే తట్టింది, లెక్కపెట్టింది. ఆరు. చివరి కాగితం అడుగున "ఏడింటిలో ఆరో పేజీ" అని ఉంది. అత్తగారి సంతకానికి పైనే, ఈ ఒప్పందాన్ని ఐదు పనిదినాల్లోపు రద్దు చేసుకోవచ్చుననీ, వివరానికి జతచేసిన రద్దు నోటీసు చూడమనీ అచ్చయి ఉంది. జతచేసినది ఏదీ లేదు. పిన్ను కొట్టిన మూలన మాత్రం చించగా మిగిలిన కాగితపు ముక్క, గోరంత, ఇరుక్కుని ఉంది.

జెనలిన్ తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యలేదు.

కౌంటీలో ఇళ్ల గురించి ఉచితంగా సలహా ఇచ్చే న్యాయ కేంద్రం ఒకటుందని రోగులెవరో అనగా విన్నది. ఆ నంబరు వెతికి పట్టుకుంది. ఫోనెత్తినామెకి గొంతు బొంగురుపోయి ఉంది, ఆ వారమంతా ఇదే మాట చెప్పి చెప్పి అలిసినట్టుంది. ఆమె అడిగినవాటికి జెనలిన్ ఒక్కొక్కటే జవాబు చెప్పింది. ఏ భాషలో మాట్లాడాడు? ఒప్పందం ఏ భాషలో ఉంది? పని పూర్తికాకుండానే డబ్బు తీసుకున్నాడా? రద్దు పత్రం ఇచ్చాడా? అన్నీ విని ఆమె చెప్పిందేమిటంటే, మాట్లాడిన భాషలోనే ఒప్పందమూ ఉండాలి, రద్దు పత్రం దానికి జతచేసి ఇవ్వాలి. ఇవ్వనంతకాలం ఐదు రోజుల గడువు మొదలైనట్టే కాదు. అయినా ఆ మాట మీద ఆశపెట్టుకోవద్దు, శనివారంతో ఐదు రోజులు అయిపోతాయి, అది దాటకుండా రద్దు చేసెయ్యండి అంది. అచ్చు ఫారమే అక్కర్లేదు, ఈ ఒప్పందం నాకొద్దు అని ఒక వాక్యం రాసి సంతకం చేసి, ఒప్పందంలో ఉన్న చిరునామాకి పోస్టు చేస్తే చాలు. పెట్టెలో పడ్డ క్షణం నుంచే రద్దు.

రద్దు చేస్తే ఇల్లు నిలుస్తుందా అని జెనలిన్ అడిగింది.

"ఆ మాట నేను చెప్పలేనమ్మా" అంది ఆమె. "బ్యాంకుతో మాట్లాడే నోరు మాత్రం మీ అత్తగారికి తిరిగొస్తుంది."

ఫోను పెట్టేసేముందు ఆమె, వేలం నిజంగా ఆగిందా అని ఎవరైనా కనుక్కున్నారా అని అడిగింది. నోటీసు మీదున్న నంబరుకి ఎవరైనా ఫోన్ చేసి తెలుసుకోవచ్చట. జెనలిన్ చేసింది. యంత్రం గొంతు అడిగిన అంకెలు నొక్కింది. వచ్చే మంగళవారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి, కౌంటీ భవనం మెట్ల మీద వేలం. అంకెలు తప్పు నొక్కానేమో అనుకుని మళ్లీ చేసింది. మూడోసారి కూడా అదే గొంతు అదే తీరిగ్గా అదే మాట చెప్పింది.

ఎల్మర్‌కి బుధవారం సాయంత్రం ఫెర్రీ రేవులో చెప్పింది. అతను పడవ తాడుని గుంజకి ఎనిమిది అంకెలా చుడుతున్నాడు. వింటూ వింటూ చుట్టడం ఆపాడు, మళ్లీ విప్పి మొదటి నుంచి చుట్టాడు. నాన్న పోయినప్పుడు తనకి పద్నాలుగేళ్లనీ, శవాన్ని ఊరికి ఎలా పంపాలో అమ్మకి తెలియక హాస్పిటల్ వరండాలో కూర్చుంటే రూఫో వచ్చి కాగితాలన్నీ తనే చూసుకున్నాడనీ అన్నాడు. అది ఆమెకి తెలియదని కాదు. చెప్పక తప్పలేదు. చివరికి, "అమ్మకి నువ్వే చెప్పు. నేను చెబితే నా మొహం చూసి ఏడుస్తుంది. నీ మీదైతే కోపం తెచ్చుకుంటుంది. కోపమే నయం" అన్నాడు.

అలాగే అయింది. గురువారం ఫెలీసాకి సెలవు. హాలు మధ్యలో ఊరికి పంపే పెద్ద అట్టపెట్టె పెట్టుకుని సర్దుతోంది. మాంసం డబ్బాలని తువ్వాళ్లలో చుట్టి అడుగున పేర్చి, సందుల్లో సబ్బులు కూరి, పైన బనీన్లని గొట్టాల్లా చుట్టి దింపుతోంది. జెనలిన్ ఎదురుగా కూర్చుని బనీన్లు చుడుతూ చెప్పింది. పేజీ సంగతి, యంత్రం గొంతు సంగతి, శనివారం సంగతి.

ఫెలీసా ఒక సబ్బు తీసి ఇంకో సందులో పెట్టింది.

"నువ్వీ ఇంటికొచ్చి ఎన్నాళ్లయింది?"

"మూడు వారాలు అత్తయ్యా."

"అతను నా మొగుడి శవపెట్టెతో విమానంలో పదహారు గంటలు కూర్చున్నాడు. మన ఊరి దగ్గర లావోగ్‌లో దిగాక ఎండలో దాన్ని భుజం మీద మోశాడు. అలాంటి మనిషికి నేను పోస్టులో చీటీ పంపాలా? నాకొద్దు పొమ్మని?"

యంత్రాలు రోజూ తప్పులు చెబుతాయి, తమ ఆశ్రమంలో బతికున్నవాళ్లకి చనిపోయినట్టు ఉత్తరాలొచ్చాయి అంది. చదువుకున్న కోడలు వస్తే ఇంట్లో ఉత్తరాలు చదివిపెడుతుందనుకుంది గానీ, ఇంటి దేవుళ్లని కోర్టుకీడుస్తుందనుకోలేదు అంది. ఎక్కడా గొంతు పెంచలేదు. పెట్టె మూతలు మడిచి, మోకాలితో అదిమిపట్టి టేపు లాగింది. టేపు చిరిగిన చప్పుడుకి జెనలిన్ ఉలిక్కిపడింది. చుట్టిన బనీను ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది. అందులో పెట్టడానికి ఇక చోటు లేదు.

శుక్రవారం ఫెలీసా ఇంటికి గంటన్నర ఆలస్యంగా వచ్చింది. తెల్ల బూట్లు విప్పకుండానే గదిలోకి వెళ్లిపోయింది. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. తన మాటలకే అత్తగారు అన్నం మానేసిందనిపించి, జెనలిన్‌కి తను చేసిన పులుసే సయించలేదు. ఎల్మర్ మాత్రం రెండోసారి పోయించుకుని, బాగుంది అన్నాడు. ఆ ఒక్క మాటకి, అంత దిగుల్లోనూ, ఆమెకి చెవులు వెచ్చబడ్డాయి. వెంటనే సిగ్గేసింది.

శనివారం పొద్దున ఫెలీసా స్నానం చేసి, జుట్టు ముడివేసుకుని, చేతిసంచీ పట్టుకొచ్చి బల్ల దగ్గర కూర్చుంది. సంచీలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ప్లాస్టిక్ గుడ్డ మీద చదును చేసింది. దాని మూల చిరిగి ఉంది. అడుగున "ఏడింటిలో ఏడో పేజీ" అని ఉంది.

నిన్న పని నుంచి నేరుగా రూఫో ఆఫీసుకి వెళ్లిందట. పోట్లాడటానికి కాదు, అక్కలా అడగడానికి. ఏడో పేజీ ఏమైంది తమ్ముడూ అని. అతను కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. ఇంకెవరో దంపతుల కోసం కాగితాలు సిద్ధం చేస్తున్నాడు. కొత్త కాపురం ఎలా ఉందని అడుగుతూనే, పిన్ను కాళ్లు సగం ఎత్తి, చివరి కాగితం చింపి లాగి, బుట్టలో వేసి, పిన్ను మళ్లీ అణిచాడు. ఇంకో కట్ట తీశాడు. మళ్లీ అలాగే.

"చిక్కుడుకాయకి ఈనె తీసినట్టు తీశాడమ్మాయ్" అంది ఫెలీసా. "నా మొహం చూస్తూ తీశాడు. దాచలేదు. నాకు తెలియదని కాదు, తెలిసినా నేనేం చెయ్యనని."

ఏడో పేజీ ఖాళీ కాగితం అక్కా అన్నాడట. తర్వాత నవ్వుతూనే, కోడలు నేర్పిందా అన్నాడు. ఫెలీసా చర్చి స్నేహితురాలు పురిటాకి కూడా ఇలాగే ఎవరో నేర్పితే మధ్యలో బ్యాంకుకి ఫోన్ చేసిందనీ, ఇప్పుడు పిన్నికూతురి గ్యారేజీలో మంచం వేసుకుందనీ గుర్తుచేశాడు. కాఫీ తెస్తానని లోపలికి వెళ్లాడు. ఆశ్రమంలో ముసలివాళ్లు కట్టుడు పళ్లని కాగితం రుమాళ్లలో చుట్టి మరిచి పారేస్తుంటారు. అందుకని ఏ బుట్టనీ చెయ్యి పెట్టి చూడకుండా పారబొయ్యడం పద్దెనిమిదేళ్లుగా ఫెలీసా ఎరగదు. వంగి చెయ్యి పెట్టింది. తీసి సంచీలో పెట్టుకుంది. కాఫీ కూడా తాగి వచ్చింది, అనుమానం రాకుండా.

"చదువు. నా భాషలో చదువు" అంది.

జెనలిన్ ఒక్కొక్క వాక్యమూ ఇలోకోస్ మాటల్లోకి మార్చి చదివింది. ఏ జరిమానా లేకుండా, ఏ బాధ్యతా లేకుండా ఈ ఒప్పందాన్ని మీరు రద్దు చేసుకోవచ్చు. అడుగున తేదీకి ఒక గీత, సంతకానికి ఒక గీత. ఫెలీసా మళ్లీ చదవమంది. రెండోసారి చదువుతుంటే ఎల్మర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఫెలీసా తల ఊపుతూ వింది. ఇంత చిన్నదా అంది. జెనలిన్ వేరే తెల్ల కాగితం మీద ఆ వాక్యం ఇంగ్లీషులో రాసిచ్చింది. ఫెలీసా నాలుక పంటి కింద పెట్టుకుని సంతకం చేసింది. పెన్ను పైకెత్తి, కాసేపు ఆలోచించి, సంతకం కింద తన భాషలో తనే రాసింది. "తమ్ముడూ, నువ్వు చేసిన మేలు మరవలేదు. ఈ కాగితం మాత్రం నాకొద్దు." అది అవసరం లేదు అత్తయ్యా అని జెనలిన్ అనబోయి, కవరు మీద చిరునామా రాసింది.

పోస్టాఫీసు శనివారం పన్నెండింటికి మూసేస్తారు. వాళ్లు చేరేసరికి పదకొండున్నర. ముద్ర మీద తేదీ స్పష్టంగా పడిందో లేదో చూపించమని ఫెలీసా కిటికీలోని మనిషిని అడిగింది. అతను విసుక్కోకుండా రసీదు తిప్పి చూపించాడు. ఆమె దాన్ని కళ్లజోడు డబ్బాలో పెట్టి మూత నొక్కింది.

కారు దగ్గరికి వచ్చాక జెనలిన్‌కి ఒంట్లో ఒక తేలిక, పరుగెత్తాలనిపించే తేలిక. సోమవారం పొద్దున్నే బ్యాంకుకి ఫోన్ చెయ్యాలి, వేలం వాయిదా అడగాలి, ఇవ్వరేమో, ఇస్తారేమో. ఇచ్చినా ఇవ్వకపోయినా ఇవాళ ఒక మంచిపని జరిగింది. ఆ ఉత్సాహంలో, నినోంగ్ ఎంత చెడ్డవాడైనా పెళ్లి మాత్రం తన ఖర్చుతో ఘనంగా చేశాడు అత్తయ్యా, ఆ హాలూ ఆ విందూ ఎప్పటికీ మరిచిపోలేను అంది.

ఫెలీసా తలుపు తెరిచి పట్టుకుని, ఎక్కకుండా నిలబడింది.

"ఆ హాలు పురిటాది" అంది.

జెనలిన్‌కి అర్థం కాలేదు.

"నలుగుర్ని తీసుకెళ్లాను అతని దగ్గరికి. కలిసి జపమాల చెప్పుకునే మా రోజరీ గుంపులోవాళ్లే. నా మాట మీద వచ్చారు, నన్ను చూసి సంతకం పెట్టారు. నాకు డబ్బిస్తానన్నాడు. నేను తీసుకుంటానా? వద్దన్నాను. అయితే పిల్లల పెళ్లి నాకొదిలెయ్ అక్కా అన్నాడు. పురిటా అతనికి కట్టినదాంతో హాలు. అడేలా వాళ్లదాంతో పంది. మిగతా రెండిళ్లదాంతో పూలూ, కేకూ, బ్యాండూ. లెక్క అతనే చెప్పాడు, నవ్వుతూ. నేనూ నవ్వాను. ఎవరికీ నష్టం లేదనుకున్నాను, ఇళ్లు నిలుస్తాయి కదా అని."

విందులో పంది చర్మం కరకరలాడుతోందని రెండో ముక్క అడిగి మరీ పెట్టించుకుంది జెనలిన్. వడ్డించిన ఆవిడ నవ్వి, పెళ్లికూతురికి ఇంకా పెట్టండి అంటూ మూడోది కూడా వేసింది. ఆమె పేరు అప్పుడు తెలియదు. పొడుగ్గా, బుగ్గ మీద పుట్టుమచ్చ.

"పొడుగ్గా ఉంటుందా?" అని అడిగింది. "బుగ్గ మీద మచ్చ?"

"అదే పురిటా. పెళ్లైన వారానికే ఇల్లు ఖాళీ చేసింది. బ్యాంకుకి ఫోన్ చేసి చేతులారా చెడగొట్టుకుందని మన గుంపులో అందరికీ చెప్పింది ఎవరనుకున్నావ్? నేనే. అతను నాకు చెప్పాడు, నేను ఊరందరికీ చెప్పాను."

పోస్టాఫీసు మనిషి బయటికి వచ్చి అద్దాల తలుపుకి తాళం వేసి, వీళ్ల వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఫెలీసా కారెక్కింది. బెల్టు లాగి, పెట్టుకోకుండా చేత్తో పట్టుకుంది.

"వాళ్లకీ ఏడో పేజీ ఇచ్చి ఉండడు. ఇవ్వకపోతే గడువు మొదలే కాలేదని చెప్పిందన్నావు, ఆ ఫోను ఆవిడ."

"అవును అత్తయ్యా."

"ఇల్లు పోయినదానికి?"

"తెలీదు. అడగాలి."

ఫెలీసా బెల్టు పెట్టుకుంది.

"పదా, ముందా ఏడో పేజీకి నాలుగు నకళ్లు తీయిద్దాం. రేపు తొమ్మిదింటి పూజకి కాదు, ఏడింటిదానికి వెళ్దాం. పురిటా ఆ పూజకే వస్తుంది, మనల్ని తప్పించుకోవడానికి. అయిపోయాక ఆమె వెనకే గ్యారేజీకి వెళ్దాం. మిగతా మూడిళ్లలో నాకు కాఫీ ఇస్తారు, అవి తర్వాత చూసుకోవచ్చు. ముందు తలుపు తియ్యని ఇంటికి వెళ్దాం. నువ్వు చదివి చెప్పు. తిట్లు నేను తింటాను."